వరద తగ్గాక వచ్చిన ఇంజనీరు



సెప్టెంబర్ వచ్చిందంటే మా స్కూల్లో రెండు పండుగలు. ఐదో తారీఖు టీచర్స్ డే, పదిహేనో తారీఖు ఇంజనీర్స్ డే. రెండోదానికి మీ పిల్లలు తలపాగా, కళ్లద్దాలు, కోటు వేసుకున్న ఒక పెద్దాయన బొమ్మ చార్టు మీద అతికించి తెస్తారు. కింద మోక్షగుండం విశ్వేశ్వరయ్య అని పేరు, పక్కన కృష్ణరాజసాగర్ డ్యామ్ ఫొటో. సాయంత్రానికి చార్టులన్నీ స్టాఫ్ రూం బీరువా పైకి చేరతాయి. నేనూ చిన్నప్పుడు అలాంటి చార్టు చేసినదాన్నే. ఆయన మన మూసీ కోసం కూడా పనిచేశారన్న సంగతి మాత్రం బీఈడీ చదివేదాకా నాకు తెలియదు.

ఈ వ్యాసం ఇంగ్లీష్ పేజీల్లో రాయమన్నారు. నేనే తెలుగు పేజీ అడిగాను. ఇంట్లో నాన్నమ్మలు, తాతయ్యలు కూడా చదవాలని నా కోరిక. వరదల గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు కదా.

మన మూసీ అన్నాను. పాలకీడు నుంచి మా బస్సులో వచ్చే పిల్లలకు ఆ మాట వివరించనక్కర్లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన నది హైదరాబాద్ నడిబొడ్డు నుంచి వచ్చి, సూర్యాపేట దగ్గర సోలిపేట ప్రాజెక్టు దాటి, పాలకీడు మండలం పక్కగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. జాన్‌పహాడ్ ఉర్సుకు వెళ్లివచ్చే వాళ్లందరికీ ఆ దారి, ఆ నీళ్లు పరిచయమే.

2024 ఆగస్టు 31 రాత్రి, మర్నాడు ఆదివారం. కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఉన్న మీలో ఎవరికీ ఆ రెండు రోజులు గుర్తుచేయాల్సిన పని లేదు. వాగులు రోడ్ల మీదికి వచ్చాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, కోదాడ వీధుల్లో నీళ్లు పారాయి. స్కూల్ మళ్లీ తెరిచాక నా క్లాసులో ఒక అబ్బాయి వాన చప్పుడు వినబడితే చాలు, రాయడం ఆపి కిటికీ వైపు చూసేవాడు. ఇల్లు మునిగింది, పుస్తకాలన్నీ ముద్దయ్యాయి. మనుషులందరూ క్షేమంగా బయటపడ్డారు. కాబట్టి నేను ధైర్యంగా ఒక తెలివితక్కువ మాట అనేశాను. అయిపోయింది కదా నాన్నా, ఇక మర్చిపో అన్నాను. వాడు తల ఊపాడు. మళ్లీ వాన వస్తే మళ్లీ కిటికీ వైపే చూశాడు.

పిల్లలే కాదు, ఊళ్లు కూడా అలా ఊరికే మర్చిపోవు. మరి ఏం చేస్తాయి? ఆ ప్రశ్నతోనే నేను 1908 నాటి హైదరాబాద్ గురించి చదవడం మొదలుపెట్టాను. అక్కడే మన చార్టు మీది పెద్దాయన ఎదురయ్యారు.

మిర్యాలగూడ నుంచో, సూర్యాపేట నుంచో మీరు హైదరాబాద్ బస్సెక్కితే ఎంజీబీఎస్‌లో దిగుతారు. ఆ బస్ స్టేషన్ రెండు వైపులా ఉన్నది మూసీయే. అక్కడి నుంచి కాస్త నడిస్తే అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్ల కళ్ల ముందే ఊరు కొట్టుకుపోయింది.

అంతకు ముందు రెండు రోజులుగా వాన. శంషాబాద్‌లో 24 గంటల్లో దాదాపు 32 సెంటీమీటర్లు, 48 గంటల్లో 48 సెంటీమీటర్లు కురిసింది. నది పొంగి అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోయాయి. పురానాపూల్ ఒక్కటే నిలబడింది. ఏటిగట్టున ఉన్న పేటల్లో మట్టి గోడల ఇళ్లు ఎక్కువ. తడిసి కూలిపోయాయి. దాదాపు 19 వేల ఇళ్లు పోయాయి, 80 వేల మందికి తలదాచుకునే చోటు లేకుండా పోయింది. చనిపోయినవాళ్లు 15 వేల మంది వరకు ఉంటారని అంచనా.

ఆ 15 వేలలో ముగ్గురి గురించి చెబుతాను. ఒకరు తల్లి, ఒకరు భార్య, ఒకరు చిన్న కూతురు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. ఆ ఇంట్లో మిగిలింది సయ్యద్ అంజద్ హుసేన్ ఒక్కడే. తర్వాతి రోజుల్లో ఆయన అంజద్ హైదరాబాదీ అనే పేరుతో ఉర్దూలో రుబాయిలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ వరద మీద కూడా కవిత రాశారు. ఆ రోజు తర్వాత ఇంకో యాభై ఏళ్లకు పైగా బతికారు. ఆ యాభై ఏళ్లూ ఎలా బతికి ఉంటారో నేను ఊహించలేను. రాయడం వల్ల ఆ దుఃఖం తగ్గిందని కూడా అనలేను. దాన్ని దాచిపెట్టుకోలేదు అని మాత్రం తెలుస్తోంది.

ఊరు కూడా దాచుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, మూసీ తల్లికి పసుపు కుంకుమ, చీర సమర్పించి హారతి ఇచ్చారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముస్లిం రాజు హిందువుల పద్ధతిలో గంగమ్మను శాంతించమని వేడుకున్నాడన్నమాట. నిలువ నీడ లేనివాళ్ల కోసం ప్యాలెస్ తలుపులు తెరిపించారు, వంటశాలలు పెట్టించారు. సరోజినీ నాయుడు సహాయ పనుల్లోకి దిగారు. వరద బాధితుల కోసం ఆమె చేసిన పనికి బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు.

ఇదంతా మొదటి వారాల సంగతి. అన్నం పెట్టేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఓదార్చేవాళ్లు, దేవుడికి మొక్కేవాళ్లు. వీళ్లు లేకపోతే ఏ ఊరూ తేరుకోదు. కానీ ఆ హడావిడి తగ్గాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. మళ్లీ వస్తే?

విశ్వేశ్వరయ్య వచ్చింది అప్పుడు. వరద వచ్చిన ఆరు నెలల తర్వాత.

ఆయన పూర్వీకుల ఊరు ప్రకాశం ప్రాంతంలో, గిద్దలూరు, బేస్తవారిపేట వైపు ఉన్న మోక్షగుండం. ఇంటిపేరు అక్కడిదే. కుటుంబం మైసూరు సంస్థానానికి వలస వెళ్లింది. చిక్కబళ్లాపూర్ దగ్గర ముద్దెనహళ్లిలో 1861 సెప్టెంబర్ 15న ఆయన పుట్టారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. పండితులే కానీ ఆస్తిపరులు కాదు. పిల్లవాడు స్కూల్లో చదువుకునే వయసులోనే తండ్రి పోయారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మనం చార్టు మీద రాసే లైఫ్ స్కెచ్‌లో ఈ సంగతి ఒక్క వాక్యంలో అయిపోతుంది. కానీ ఇంటి పెద్ద పోయిన ఇంట్లో ఆ తర్వాత రోజు ఎలా తెల్లారుతుందో మీలో కొందరికి తెలుసు. తల్లి వెంకటలక్ష్మమ్మ కొడుకు చదువు ఆపలేదు. బెంగళూరులో మేనమామ దగ్గర ఉండి, ఒక ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బుతో సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ పూర్తి చేశారాయన. తర్వాత మైసూరు సంస్థానం ఇచ్చిన సాయంతో పూనా వెళ్లి ఇంజనీరింగ్ చదివారు. 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరయ్యారు.

ఆ ఉద్యోగంలో పాతికేళ్లకు కాస్త తక్కువ పనిచేశారు. సింధ్‌లో సుక్కూరు ఊరికి నదిలోంచి మంచినీళ్లు ఇచ్చారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కు 1903లో ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. నీళ్లు ఒక మట్టం దాటితే ఆ గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. వరద వచ్చే రాత్రి గేటు ఎత్తే మనిషి నిద్రపోయినా, భయపడి పారిపోయినా గేటు తన పని తాను చేసుకుంటుంది. మనుషుల మీద నమ్మకం లేక కాదు అనుకుంటాను, మనుషుల మీద భారం తగ్గించడానికి. 1906లో ఏడెన్ రేవుకు వెళ్లి అక్కడి మంచినీళ్లు, మురుగు సమస్య చూశారు. 1908లో ఉద్యోగం వదిలేసి విదేశాలు చూడటానికి బయల్దేరారు. ఆ ప్రయాణంలో ఉండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. పర్యటన పూర్తి చేసుకుని వస్తానన్నారు. వాళ్లు ఆగారు. 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో దిగారు.

ఆయనకు అప్పగించిన పనులు మూడు. ఊరిని మళ్లీ కట్టడానికి సలహా ఇవ్వాలి, మళ్లీ వరద రాకుండా ఉపాయం చెప్పాలి, ఊరంతటికీ మురుగు కాలువల పథకం తయారుచేయాలి. మామూలుగా మనం అడిగేది మొదటిది. ఇల్లు పోయిందా, ఇల్లు కట్టివ్వండి. ఆయన రెండోదాన్ని గట్టిగా పట్టుకున్నారు. దానికి జవాబు ఊళ్లో దొరకదు, నది వచ్చే దారిలో పైకి వెళ్లాలి. వెళ్లారు.

ఏ ఊళ్లో ఎంత వాన పడిందో లెక్కలు తెప్పించారు. నదికి నీళ్లు వచ్చే ప్రాంతమంతా సర్వే చేయించారు. అప్పుడు తేలింది ఏమిటంటే, హైదరాబాద్‌కు ఎగువన మూసీ పరివాహకంలో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకు ఒకటి. అందులో 221 చెరువులు ఆ వానకు తెగిపోయాయి.

ఈ మాట సిటీ పిల్లలకు వివరించాలి కానీ మీకు అక్కర్లేదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, దాని మత్తడి దూకితే ఇంకో చెరువు. కరువు కాలంలో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కానీ పై చెరువు కట్టకు గండి పడితే? ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అది కూడా తెగుతుంది. రెండింటి నీళ్లు మూడోదాని మీదికి. అలా ఊరు చేరేసరికి అది వాన నీళ్లు కాదు, వందల చెరువుల నీళ్లు. ఆ రోజు మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీళ్లు పారాయని ఆయన లెక్క కట్టారు.

ఆ లెక్క నాకు ఎందుకు ముఖ్యం అనిపించిందో చెబుతాను. అప్పటిదాకా ఆ వరద ఒక శాపం. ఎవరి పాపమో, ఎవరి కోపమో అనుకున్నారు. లెక్క వచ్చాక అది ఒక కారణం ఉన్న సంఘటన అయింది. కారణం ఉంటే ఉపాయం ఉంటుంది. పోయినవాళ్లు తిరిగి రారు, అంజద్ ఇంట్లో ముగ్గురూ రారు. కానీ బతికి ఉన్నవాళ్లు ప్రతి వానకీ వణకాల్సిన పని తప్పుతుంది.

ఉపాయం ఇది. ఊరికి కొన్ని మైళ్ల ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద రిజర్వాయర్లు కట్టాలి. వరద వస్తే ముందు అక్కడ ఆగాలి, ఊరు తట్టుకోగలిగినంత నీరు మాత్రమే నెమ్మదిగా కిందికి రావాలి. ఊళ్లో నది ఒడ్డు ఎత్తు చేసి, అక్కడ ఇరుకు ఇళ్ల బదులు తోటలు, రోడ్లు ఉండాలి. వరద సొమ్ముతో మంచినీళ్ల సౌకర్యం కూడా వచ్చేస్తుంది. 1909 అక్టోబర్ 1న రిపోర్టు ఇచ్చారు. నవంబర్‌లో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. అంటే వచ్చి ఏడు నెలలు. అంతే.

డ్యాములు ఆయన కట్టలేదు. చార్టుల మీద మనం కొంచెం తప్పు రాస్తుంటాం. దారి చూపింది ఆయన, కట్టింది నిజాం సంస్థానం ఇంజనీర్లు, వేలాది కూలీలు. వాళ్లలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు మీ పిల్లలకు తప్పక చెప్పండి. ఆయన పుట్టినరోజు జూలై 11ని మన తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. దానికి కూడా ఎవరైనా చార్టు తెస్తే నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

హారతి ఇచ్చిన మహబూబ్ అలీఖాన్ 1911లో పోయారు. ఆ తర్వాతి ఏడో నిజాం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మనం గండిపేట అనే చెరువు, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. లెక్క వేయండి. వరద వచ్చిన ఏడాది పుట్టిన పిల్ల రెండో డ్యామ్ పూర్తయ్యేనాటికి పంతొమ్మిదేళ్ల యువతి. ఒక ఊరు ఒక దుఃఖాన్ని పంతొమ్మిదేళ్లు గుర్తుపెట్టుకుని, డబ్బు పెట్టి, పని పూర్తి చేసింది. మనం రెండు నెలల్లో కొత్త వార్తకు మారిపోతాం. ఇది నన్ను కూడా కలుపుకుని అంటున్నాను.

మైసూరు రోజుల గురించి మీ పిల్లల చార్టుల్లో ఉంటుంది కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. కృష్ణరాజసాగర్, 1912 నుంచి 1918 వరకు దివాన్ పదవి, మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు యూనివర్సిటీ. తర్వాత కూడా మురుగు కాలువల పని కోసం హైదరాబాద్ వచ్చారు. ఈ మురుగు కాలువల సంగతి ఎవరూ చార్టు మీద వేయరు, చూడ్డానికి బాగుండదు కదా. కానీ వరద తర్వాత ఊళ్లో జనాన్ని పట్టుకునేది కలుషిత నీరే, రోగాలే. ఆయనకు అది తెలుసు. తొంభై ఏళ్లు దాటాక కూడా బీహార్‌లో గంగ మీద వంతెన కట్టే చోటు చూడటానికి వెళ్లారు. 1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ ఖైరతాబాద్ చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది. అటు వెళ్తే బస్సులోంచి చూపించండి.

అంతా బాగయిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన తోటలు, రోడ్లు ఉండాలన్న ఒడ్డు మీద, ఏకంగా నది కడుపులోనే మనం కట్టడాలు కట్టాం. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీళ్లు ఎంజీబీఎస్‌లోకే వచ్చాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు. దసరా సెలవులకు వస్తున్న మన ఊరివాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు. అయితే 1908లా కాదు. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే తెలిసింది, జనాన్ని తరలించారు. ఆ తేడాకు మూలం 1909లో తయారైన ఆ రిపోర్టు.

ఇక నా క్లాసులోని అబ్బాయి దగ్గరికి వస్తాను. నేను మర్చిపో అనడం మానేశాను. క్లాసంతటికీ ఒక పని ఇచ్చాను. ఎవరి ఊరి వాగు వాళ్లు గీయాలి. పైన ఏ చెరువు ఉంది, దాని అలుగు ఎటు పారుతుంది, ఆ రోజు ఎక్కడ గండి పడింది, మీ ఇంట్లో గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయి, టేపుతో కొలిచి రాయాలి. తెలియనివి నాన్నమ్మనో, తాతనో అడగాలి. కొందరు పిల్లలు సరదాగా చేశారు. ఈ అబ్బాయి మూడు రోజులు తీసుకున్నాడు. ఇంటి పైనున్న కుంట దగ్గరికి వాళ్ల నాన్నతో కలిసి వెళ్లి వచ్చాడు. చార్టు మీద ఎర్ర గీత గీసి, మూడడుగుల నాలుగంగుళాలు అని రాశాడు. గోడ మీది ఆ నీటి గీతకు సున్నం వేయనివ్వలేదట వాళ్ల నాన్నమ్మ. కుంట కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో కూడా గుర్తుపెట్టి చూపించాడు. ఆ చార్టు బీరువా పైకి వెళ్లలేదు, గోడ మీదే ఉంది.

వాన వస్తే ఇప్పటికీ కిటికీ వైపు చూస్తాడు. ఈ మధ్య మాత్రం చూసి, పక్క పిల్లాడితో ఇది ఎన్ని సెంటీమీటర్లు ఉంటుందో చెప్పమని పందెం వేస్తున్నాడు.

ఈసారి ఇంజనీర్స్ డేకి మీ పిల్లల చేత తలపాగా బొమ్మతో పాటు మీ ఊరి చెరువు, వాగు మ్యాప్ కూడా వేయించండి. పాలకీడు, నేరేడుచర్ల, దామరచర్ల వైపు వాళ్లు మూసీ గీయడం మరవొద్దు. పెద్దవాళ్లు చెప్పిన వరద సంగతి ఏదైనా ఉంటే ఒక పేజీలో రాయించండి, తెలుగైనా ఇంగ్లీషైనా ఫర్వాలేదు. 14వ తేదీ లోపు క్లాస్ టీచర్‌కి అందాలి. టేపు ఇంట్లో లేకపోతే స్కూల్ స్టోర్ రూంలో రెండున్నాయి, డైరీలో రాసి పంపితే ఒక రోజుకి ఇస్తాం.